ప్లాట్‌ఫారం టికెట్

స్టేషన్ కింద కొత్తగా సొరంగదారి తెరిచారు. పడమటి గేటులో బయటికొచ్చేవాళ్ల దగ్గర టికెట్లు అడిగి తీసుకునే ఉద్యోగి మురాసే, ఆ కబురు టోఫు అనే సోయా పన్నీరు కొట్టు నడిపే కియోనోకు తానే చెప్పాలని ఉబలాటపడ్డాడు.

స్టేషన్ ఆ పేటను రెండుగా చీల్చేసింది. తూర్పువైపు ఉండే కియోనో పదకొండేళ్లుగా రోజూ సాయంత్రం తువ్వాలూ సబ్బూ పట్టుకుని, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, పట్టాల మీది వంతెన దాటి, ఆ టికెట్ మురాసే చేతికిచ్చి ఇవతలి స్నానశాలకు వచ్చేది.

"ఇక టికెట్‌తో పనిలేదండీ. కిందినుంచి హాయిగా నడిచొచ్చేయండి!" అన్నాడు మురాసే.

"అబ్బో, ఎంత మంచి కబురు చెప్పారండీ!" అని ఆమె మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. నాలుగు రోజులైనా రాలేదు. జబ్బు చేసిందేమోనని ఒంటి మనిషి మురాసేకు బెంగ పట్టుకుంది. సెలవు రోజున ఇంట్లో నిలవలేక సొరంగంలోంచి నడిచి, మొదటిసారిగా తూర్పువైపు తేలాడు.

ఎదురుగానే టోఫు కొట్టు. లోపల నిక్షేపంలా కియోనో. కొట్టు గోడనానుకునే ఇంకో స్నానశాల, ఇంతెత్తు పొగగొట్టంతో.

మురాసే దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడి నీళ్లు బాగుండవాండీ?"

కియోనో మొహం కందిపోయింది.

"నీళ్లు బాగానే ఉంటాయి. టికెట్ అడిగేవాళ్లే లేరు."