ఆయన పథ్యం

"పంచదార, మైదా, వేపుళ్లు మా ఇంటి గడప తొక్కవు డాక్టరుగారూ!" మోకాలు ఆడించి చూపించాడాయన. "తిండితోనే వాపు తగ్గించుకున్నాను."

డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసింది. "నిజమే, బాగా తగ్గింది. మందులకు పథ్యం తోడైంది."

"మందులదేముందిలెండి!" అని ఆయన పక్కనున్న భార్య వైపు తిరిగాడు. "ఈవిడకీ చెబుతూనే ఉన్నాను. వింటేగా! పొద్దున లేస్తే మణికట్టు నొప్పంటుంది."

"చెయ్యి ఇలా ఇవ్వమ్మా," అంది డాక్టరమ్మ. మణికట్టు ఉబ్బి, ఎర్రబడి, వేడిగా ఉంది. "మీరేం తింటున్నారు?"

"ఆయన తినేదే. వేరే వండుకునే ఓపికెక్కడిది?"

"మరి పనో?"

"ఆకుకూరలు తరగడం, గింజలు దంచడం. మిక్సీలో వేస్తే సారం పోతుందంటారు. ఏ పూటకాపూట అప్పటికప్పుడు చెయ్యాలి."

"అదే కదండీ కిటుకు!" అన్నాడాయన గర్వంగా.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ వాపు పథ్యంతో పోదు. ఆవిడ కొన్నాళ్లు కత్తిగానీ రోకలిగానీ ముట్టుకోకూడదు."

"అయ్యో! మరి నా పథ్యం?"

నోరు జారాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. ఆడవాళ్లిద్దరూ ఆయననే చూస్తున్నారు.

"మోకాలు బాగుందిగా, నిలబడి తరుక్కోండి," అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం వంటింట్లో ఆకుకూరల గుట్ట చూసి ఆయన గుడ్లు తేలేశాడు. "ఇంతా! ఇది మనిషి తినేదా, మేక తినేదా?"

భార్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"ఇది ఈ పూటకే. ముందు మట్టి పోయేలా కడగండి."

ఆయన కుళాయి తిప్పాడు.