ఆడనివ్వని ఆట

ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని, బావా బావమరుదులిద్దరూ విశాఖ బాస్కెట్‌బాల్ జట్టు గురించి వాదించుకుంటున్నారు. లోపల ఉన్నది పైడిరాజుకి భార్య, సన్యాసిరావుకి అక్క. ఆవిడ సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడగలరు.

"మిగిలిన మేచ్‌లన్నీ గెలిస్తే ప్లేఆఫ్‌కి ఎళ్తాం," అన్నాడు పైడిరాజు.

"ఏటి ఎళ్లడం బావా? గెలుపు లెక్కలేసే యంత్రం రేపటి మేచ్‌కి నాలుగు శాతమే అంది. ఐదుకి తగ్గితే మేచే పెట్టరు. కరెంటు దండగని అవతలోళ్లకి పాయింట్లిచ్చేస్తారు."

"ఓడితే ఓడనీ. ముందు ఆడనివ్వాల గదా."

"లెక్క తేలిపోయినాక ఆటెందుకు? యంత్రం ఒక్కపాలైనా తప్పిందా?"

"ఆడనిస్తే గదా తప్పేది."

తలుపు తెరుచుకుంది. నర్సు మంచాన్ని బయటికి తోసుకొచ్చింది. గౌరమ్మ మత్తులో ఉంది. ఒంటి మీద చిన్న గాటైనా లేదు.

"అయిపోనాదా అమ్మా?" అంటూ లేచాడు పైడిరాజు.

"మొదలుపెట్టలేదండి," అంది నర్సు, అతని వైపు చూడకుండా. "ఇప్పుడే లెక్క వచ్చింది. నాలుగు శాతం."

పైడిరాజు మళ్లీ బెంచీ మీద కూలబడ్డాడు. సన్యాసిరావు వెళ్లి మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఓడితే ఓడనీండమ్మా," అన్నాడు. "ముందు ఆడనివ్వండి."