మిషను మీద శాలువా

అమ్మ మంచం తీసేశాక ఖాళీ అయిన మూలలో కొడుకు బిట్‌కాయిన్ తీసే చిన్న మిషను పెట్టాడు. అది రోజూ వేడెక్కి ఆగిపోతోంది. వైర్లు పీకి చూశాడు, సెట్టింగులు మార్చాడు, అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒకనాడు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి చూస్తే, దాని మీద నిండా ఉన్ని శాలువా కప్పి ఉంది.

“ఏంటి నాన్నా ఇది? దీనికేమన్నా చలిజ్వరమా? గాలాడక చస్తోంది!”

తండ్రి శాలువా తీసి జాగ్రత్తగా మడతపెట్టాడు.

మిషను ఫ్యాను కూడా అరిగిపోయి సన్నగా కూస్తోంది. కొడుకు దాన్ని ఊడదీసి కొత్తది బిగించాడు. మిషను నిశ్శబ్దమైపోయింది.

“ఇప్పుడు చూడు, అసలు ఉందో లేదో కూడా తెలీదు,” అని మురిసిపోతూ స్నానానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి తండ్రి మిషను ముందు కూలబడి, రెండు చేతులతో దాన్ని తడుముతున్నాడు.

“పిల్లికూతలు ఆగిపోయాయిరా,” అన్నాడు. “మీ అమ్మకీ ఆ రోజు ఇలాగే ఆగిపోయాయి. నెమ్మదించిందనుకుని, శాలువా మెడదాకా కప్పి వచ్చాను.”