ఒక పక్క బ్రేకు

లిఫ్టు గుంతలో మనిషి ఉన్నాడని మొదట చూసింది ధనశ్రీయే.

అప్పటికే ఆమెకి ఒళ్లు మండిపోతోంది. పావుగంట నుంచి లిఫ్టు రావడం లేదు. తెల్లారితే విశాఖలో ఆర్కిటెక్చర్ విద్యార్థులకి పోటీ. నూట నలభై ఏళ్ల కిందట చికాగోలో లేచిన పదంతస్తుల మేడకి అట్టముక్కలతో నమూనా చేసింది. దాన్ని కారులో పెట్టడానికి చంటిబిడ్డలా ఎత్తుకుని నాలుగంతస్తులూ మెట్లు దిగి వచ్చింది.

కింద లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది. లిఫ్టు పెట్టె కింద, గుంతలో, ఒక ముసలాయన టార్చి నోట కరుచుకుని ఏదో గీకుతున్నాడు.

"ఎవరు నువ్వు? ఏటి చేత్తన్నావక్కడ?"

ఆయన టార్చి తీసి తలెత్తాడు.

"బ్రేకు సూత్తన్నానమ్మా. తుప్పట్టి బిగిసిపోనాది. ఒక పక్క అయిపోనాది, రెండో పక్కుంది. అరగంట పని."

ఎవరు పంపారని అడిగితే ఎవరూ పంపలేదన్నాడు.

ఆ నెలలోనే అనకాపల్లిలో రెండు అపార్ట్‌మెంట్లలో నీళ్ల మోటార్లు పోయాయి. ఇంకేం కావాలి? ధనశ్రీ దొంగ దొరికాడని కేకేసింది.

ఆమె తండ్రి బంగార్రాజు బెల్లం వ్యాపారి, అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. పరుగున వచ్చి లిఫ్టు కంపెనీకి ఫోను చేశాడు. తాము ఎవరినీ పంపలేదని వాళ్లన్నారు. అసలు రెండేళ్లుగా మీరు సర్వీసింగే చేయించుకోవడం లేదు కదా అని కూడా అన్నారు. ఆ రెండో సంగతి బంగార్రాజు ఎవరికీ చెప్పలేదు.

ముసలాయన్ని చొక్కా పట్టుకుని పైకి లాగాడు. ఆయన గోడకి ఆనుకుని కాసేపు రొప్పాడు. పోలీసులకి చెప్పొద్దని బతిమాలలేదు. చేతిలోని సంచి కింద పెట్టాడు.

"నా సామాన్లు ఉంచేసుకోండి బాబూ. ఆ అరగంట ఇయ్యండి, సాలు."

బంగార్రాజు ఒక్క క్షణం తటపటాయించాడు. అది నిజం. కూతురి వైపు చూశాడు కూడా.

"ముందు పంపించెయ్ నాన్నా, నాకు టైమయిపోతోంది" అంది ధనశ్రీ.

వెళ్తూ వెళ్తూ ముసలాయన నమూనా దగ్గర ఆగాడు. అదేమిటని అడిగి తెలుసుకున్నాడు. ఇంత మేడకి లిఫ్టు ఎక్కడ పెట్టారని అడిగాడు. ధనశ్రీ పెట్టలేదు. దొంగకి ఇన్ని ప్రశ్నలెందుకని మొహం తిప్పుకుంది.

మర్నాడు పోటీలో ఆమె చక్కగా మాట్లాడింది. చికాగో ఊరు తగలబడ్డాక అక్కడి మేడలు ఎలా ఎత్తు పెరిగాయో చెప్పింది. బరువంతా ఇనుప చట్రం మోస్తే గోడలు ఎలా తేలికపడ్డాయో చెప్పింది. చట్రం ఒక్కటే చాలదని, మెట్లెక్కే ఓపిక ఐదంతస్తులకే అయిపోతుందని నవ్వించింది. తాడు తెగినా పట్టి ఆపే బ్రేకు వచ్చాకే జనం ధైర్యంగా లిఫ్టు ఎక్కారని, ఆకాశహర్మ్యాలు పుట్టింది ఆ బ్రేకు మీద నమ్మకంతోనని ముగించింది. హాలంతా చప్పట్లు.

మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

వారం తర్వాత, ఒక పెళ్లికని బయల్దేరిన వాళ్లతో నిండిన లిఫ్టు తాడు తెగి నాలుగో అంతస్తు నుంచి జారిపోయింది. అందులో ధనశ్రీ తల్లి బాలాత్రిపురసుందరి ఉంది.

లిఫ్టు కింద దాకా పడలేదు. రెండో అంతస్తు దగ్గర ఒక పక్కకి ఒరిగి, కీచుమంటూ ఆగింది. అందరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. బాలాత్రిపురసుందరికి మాత్రం కాలు రెండు చోట్ల విరిగింది.

విశాఖ నుంచి వచ్చిన మెకానిక్కు గుంతలోకి దిగి టార్చి వేసి రెండు పక్కలా చూశాడు.

"ఎడమ పక్క బ్రేకుకి ఎవరో ఈమధ్యే తుప్పంతా గీకి నూనె వేశారు. అందరినీ కాపాడింది అదే. కుడి పక్కది బిగిసిపోయి ఉంది. అదీ పనిచేస్తే అమ్మగారికి ఈ దెబ్బ తగిలేది కాదు."

ధనశ్రీ మెట్ల మీద కూలబడింది. బ్రేకు గురించి వందమందికి పాఠం చెప్పిన నోటితోనే ఆ బ్రేకు బాగుచేస్తున్న మనిషిని గెంటించింది.

ఆయన వదిలి వెళ్లిన సంచి వాచ్‌మన్ గదిలోనే ఉంది, దాన్ని వెతికితే ఆధార్ కాగితం దొరికింది. త్రినాధరావు, కె. కోటపాడు దగ్గర పల్లె.

మర్నాడే తండ్రీ కూతుళ్లు వెళ్లారు. ఇల్లు కనిపించాక బంగార్రాజు కారు దిగలేకపోయాడు. నువ్వెళ్లమ్మా అన్నాడు.

అరుగు మీద ఒకావిడ ఉంది. పేరు మరిడమ్మ, ఆయన భార్య. త్రినాధరావు పోయి నాలుగు రోజులయిందని చెప్పింది.

ధనశ్రీ సంచి అందించింది. ఏ అపార్ట్‌మెంటు నుంచి వచ్చిందో చెప్పింది. మరిడమ్మ మొహం వికసించింది. ఆ రోజు మీరు కాఫీ ఇచ్చి బాగా చూసుకున్నారని ఆయన ఇంటికొచ్చాక చెప్పాడంది.

ధనశ్రీకి ఏడుపు ఆగలేదు. కాఫీ ఇవ్వలేదని, దొంగ అని అరిచింది తనేనని చెప్పేసింది.

మరిడమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండిపోయింది.

ఎవరూ పిలవకుండా ఆయన తమ లిఫ్టు దగ్గరికి ఎందుకొచ్చారో, అదొక్కటీ చెప్పమని అడిగింది ధనశ్రీ.

"ఇంక మూణ్ణెల్లేనని డాక్టర్లు సెప్పేక, తన సేత్తో బిగించిన లిఫ్టులన్నీ ఓపాలి సూసొచ్చేత్తానని బయల్దేరేడమ్మా" అంది మరిడమ్మ, "మీదే ఆఖర్ది."