మూడో గోల్ టోపీ

"ఆ రాత్రి ఆటలో మక్‌రే కర్రతో కొట్టిన రబ్బరు బిళ్ళ గాల్లోకి లేచి తిన్నగా నా నోట్లోకొచ్చింది. పంటితో పట్టాను. పన్ను పోయింది గానీ బిళ్ళని మాత్రం వదల్లేదు!" అన్నాడు వెండెల్, ముందు పన్ను లేని సందులో వేలు పెట్టి చూపిస్తూ.

"పోయినేడు భుజానికి తగిలిందన్నావు కదరా," అన్నాడు బెర్ట్.

"భుజానికి తగిలే నోట్లోకొచ్చింది."

మంచు హాకీ ఆడే రింకులో, మెట్ల కింది గదిలో ఉన్న ముసలాళ్ళంతా గొల్లున నవ్వారు. ఎడ్నా కూడా నవ్వుతూనే పెట్టెలోంచి ఇంకో టోపీ తీసి, లోపలి అంచు తిప్పి చూసింది. గుర్తుగా తను కుట్టిన ఎర్ర దారం లేదు. పక్కన పడేసింది.

ఒవిలా థెరియో జ్ఞాపకార్థం రింకులో గాజు అలమర పెడుతున్నారు. ఆ గనుల ఊరికి దేవుడంటూ ఉంటే, కాళ్ళకి స్కేట్లు కట్టుకున్న ఆ మనిషే. నది అవతలి ఊరి జట్టు మీద ఒకే ఆటలో మూడు గోల్స్ వేసిన రాత్రి, ఆనవాయితీ ప్రకారం జనం తల మీది టోపీలన్నీ మంచు మీదికి విసిరేశారు. ఎవరూ తీసుకోకుండా మిగిలినవి ఇన్నేళ్ళూ పెట్టెల్లో మగ్గాయి. ఎవరి టోపీ వాళ్ళు గుర్తుపడితే, కింద పేరు రాసి అలమరలో పెడతామన్నారు.

ఎడ్నాకి తన భర్త పెర్సీ పేరు అక్కడ కావాలి. ఆ ఆట రోజు సాయంత్రమే ఆవిడకి పురిటి నొప్పులు మొదలయ్యాయి. పోవద్దని చెయ్యి పట్టుకుంటే, "ఇలాంటి ఆట జన్మకొక్కసారి" అని విదిలించుకుని పోయాడు పెర్సీ. తెల్లవారుతుండగా వట్టి తలతో తిరిగొచ్చాడు. చలికి ఎడమ చెవి కొస మాడి నల్లబడి ఉంది. "మూడో గోల్‌కి టోపీ విసిరేశాను," అన్నాడు. ఒళ్ళో పసివాణ్ణి పెట్టుకుని ఆ చెవి చూసి, ఏడవబోయి నవ్వేసింది ఎడ్నా. పసివాడికి ఒవిలా అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఆ ఒవిలాయే మొన్న తండ్రిని పాతిపెట్టి వస్తూ, "నువ్వు చావుబతుకుల్లో ఉంటే వదిలేసి పోయిన మనిషి కోసం ఎందుకమ్మా ఏడుస్తావు?" అన్నాడు. వాడు ఎలాంటి రాత్రి గురించి మాట్లాడుతున్నాడో, గాజు వెనక టోపీ చూస్తే వాడికే తెలుస్తుంది.

"పెర్సీ నీ పక్కనే కదా కూర్చున్నాడు?" అని వెండెల్‌ని అడిగింది, ఎప్పటిలాగే.

"నా పక్కనే! టికెట్లు కలిసే కొన్నాం కదా, మొదటి వరస! మీ ఆయన టోపీ విసిరిన విసురుకి రెఫరీ ఈల మింగేశాడు."

"అవతలి జట్టులో ఆ మక్‌రేగాడు లేకపోతే అంతా బాగుండేది," బెర్ట్ పళ్ళు నూరాడు. "ఆఖర్లో థెరియోని గోడకేసి గుద్దాడు. ఆ రాత్రి తర్వాత పాపం మళ్ళీ ఒక్క గోల్ వేశాడా?"

"భుజం ఆనించానంతేనని చచ్చేదాకా మొత్తుకున్నాడుగా మక్‌రే," అంది ఎడ్నా.

"మొత్తుకోక ఏం చేస్తాడు? వాడి కొట్టు గడప మనూరి మనిషి తొక్కితే ఒట్టు. దివాలా తీసి, దిక్కులేని చావు చచ్చాడు. తగిన శాస్తి!"

పెట్టెలో ఆఖరి టోపీ కూడా అయిపోయింది. పెర్సీది లేదు. ఎడ్నా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూలబడింది.

అప్పుడొచ్చింది లిజెట్, థెరియో కూతురు. తండ్రి సామాను అట్టపెట్టెలో పట్టుకొచ్చింది. స్కేట్లు, విరిగిన కర్ర, మాసిన జట్టు చొక్కా. అన్నిటికీ అడుగున కాగితంలో చుట్టిన, చెవులు కప్పే టోపీ ఒకటి.

"ఇది నాన్న ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు," అంది. "మూడు గోల్స్ వేసిన మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి, పెరటి తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. తియ్యబోతే 'ఉండనీ, మీ అమ్మ కళ్ళ ముందే ఉండనీ' అన్నాడు. అమ్మకి అదంటే గిట్టేది కాదు. ఆ గుమ్మంలోంచి నడవడమే మానేసింది. అయినా ఆయన పోయేదాకా అది అక్కడే ఉంది."

"ఆటలో గెల్చుకొచ్చిన వస్తువు విలువ ఇంట్లో ఆడవాళ్ళకేం తెలుస్తుందిలే," అన్నాడు బెర్ట్.

ఎడ్నా టోపీ అందుకుని అంచు తిప్పింది. చుట్టూ ఎర్ర దారం. చివర్లో తొందరలో వేసిన వంకర ముడి. తన చేతి కుట్టే.

"మా ఆయనది!"

గది హోరెత్తింది. "అన్ని వందల టోపీల్లో మన పెర్సీదే ఏరుకుని ఇంటికి తీసుకెళ్ళాడ్రా థెరియో!" బెర్ట్ బల్ల గుద్దాడు. ఎడ్నా టోపీని గుండెకి హత్తుకుంది. ఆనాటి తెల్లవారుజామున లాగే ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చాయి. "మా వాడికి ఫోన్ చెయ్యండి ఎవరైనా. వచ్చి చూడనీ వాళ్ళ నాన్న ఎలాంటివాడో!"

లిజెట్ కళ్ళు కూడా తడిశాయి. "వెండెల్ మామా, నువ్వు కళ్ళారా చూశావుగా. ఏం రాయమంటావో చెప్పు. గాజు వెనక పెట్టేది, అందులో అబద్ధం ఉండకూడదు."

వెండెల్ నోరంతా తెరిచి నవ్వాడు. "గాజు వెనక్కి ఎక్కేదైతే కక్కేస్తాను. ఈ పన్ను టాఫీ కొరికితే పోయింది. ఈల ఎవడూ మింగలేదు. మాది మొదటి వరస కూడా కాదు, స్తంభం వెనక ఆఖరి వరస."

"ముసలి దొంగా!" ఎడ్నా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మరి అంత దూరం నుంచి మా ఆయన టోపీ మంచు మీదికి ఎలా విసిరాడట?"

"అదీ నేనల్లిందే తల్లీ. మీ ఆయనే నన్ను అలా చెప్పమన్నాడు. పోయాడు కదా, ఇంక నన్ను తిట్టడు." వెండెల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఆ రాత్రంతా పెర్సీ సీట్లో నా కోటు కూర్చుంది."