మోకాలెత్తు క్యాలెండరు

"ఈ రకం పిస్తోలు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలిరా. స్ప్రింగు మార్చాక వెన్నలా జారుతోంది, చూడు!" వంటింటి బల్ల దగ్గర తమ్ముడికి గొప్పలు చెబుతున్నాడు వేడ్.

గిన్నెలు తోముతున్న అతని భార్య ట్రీనా చేయి ఆగింది. "నొక్కేటప్పుడు లోపల తూటా ఉంటేనో?"

"మొన్న ఒకే ఒక్కసారి చూసుకోవడం మర్చిపోయాలే."

ఆదివారం నుంచీ గోడకు మోకాలెత్తులో క్యాలెండరు వేలాడుతోంది. ట్రీనా ఎత్తి చూసింది. వెనక వేలు దూరేంత చిల్లు. గోడకు అవతల పాప మంచం.

"అప్పుడు పాప నీతో చర్చికెళ్ళిందిగా!" అన్నాడు వేడ్. " ఏమిటా చూపు? కాస్త బిగువు స్ప్రింగు ఆర్డరిచ్చాలే."

ట్రీనా లోపలికెళ్ళి పాపను ఎత్తుకుని, కారు తాళాలు తీసుకుంది.

వేడ్ తల ఎత్తకుండానే అన్నాడు: "వెళ్తూ వెళ్తూ పాప గుడ్డ ఒకటి ఇలా పడెయ్యి. పిస్తోలు తుడవడానికి మెత్తగా ఉంటుంది."