రెండు అంగుళాలు

"ఇదిగో, ఇక్కడ చూడు," అంది డాక్టర్ బెర్గ్, తెర మీది మోకాలి ఎక్స్‌రేని వేలితో చూపిస్తూ. "పిల్లలకి ఎముక చివర మెత్తటి మృదులాస్థి పలక ఒకటుంటుంది. పెరగడమంతా అక్కడే. ఎక్స్‌రేలో నల్లగీతలా కనబడుతుంది. నీకా గీత లేదు. ఎప్పుడో గట్టిపడి ఎముకలో కలిసిపోయింది."

"అంటే?"

"అంటే ఇక నీ ఎత్తు ఇంతే. వెంట్రుకవాసి కూడా మారదు."

లీనియాకి పదిహేడేళ్ళు. ఈ సంగతి ఆమెకి తెలియంది కాదు. అయినా డాక్టరు నోట వినేసరికి మనసు చివుక్కుమంది. పక్కన కుర్చీలో ఉన్న తండ్రి రోల్ఫ్ ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"మరైతే ఆపరేషన్ చెయ్యండి," అంది. "కాళ్ళకి. చేస్తారట కదా, చదివాను."

రోల్ఫ్ ఉలిక్కిపడ్డాడు. జ్వరమొస్తే మాత్ర మింగడానికే నానా యాగీ చేసే పిల్ల! మోకాలు నొప్పి, మోకాలు నొప్పి అని వారం నుంచీ ప్రాణం తీసి, డులూత్ ఊరి మంచులో ఇంత దూరం లాక్కొచ్చింది ఇందుకా?

డాక్టర్ బెర్గ్ నవ్వలేదు, కసురుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"చేస్తారమ్మా. తొడ ఎముకని కోసి, లోపల కడ్డీ దించి బిగిస్తారు. నెలల తరబడి చంకల్లో కర్రలు. కండరాలకి మళ్ళీ పాత బలం వస్తుందని ఎవరూ మాటివ్వరు. ఇంతా చేస్తే వచ్చే తేడా మహా అయితే రెండు అంగుళాలు."

"రెండు అంగుళాలైనా చాలు."

"రెండు అంగుళాలకే నవ్వేవాళ్ళు నవ్వడం మానేస్తారా?"

"కాస్త తక్కువ నవ్వుతారు."



బజార్లో ఈ తండ్రీకూతుళ్ళు కలిసి నడిస్తే జనం ఆగి మరీ చూస్తారు. చూస్తే చూడనీ. లీనియాకి ఆ చూపులు చిన్నప్పుడే అలవాటైపోయాయి. పరాయివాళ్ళు చూస్తే ఏముంది? కాల్చేది సొంతవాళ్ళ చూపే.

ఆ సొంతవాళ్ళంతా ఏటా జూలైలో ఒక పెద్ద హోటల్లో కలుస్తారు. వారం రోజులు ఆటలు, కబుర్లు, చివరి సాయంత్రం డాన్సు. రోల్ఫ్ తన పెళ్ళాన్ని మొదట చూసింది అక్కడే. ఆవిడ పోయినా ఆయన మానలేదు, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్తూనే ఉన్నాడు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు లీనియాని చూసి, "ముఖం మాత్రం అచ్చం తల్లే," అంటారు. ఆ 'మాత్రం' అన్న మాట దగ్గరే ఆమె తల తిప్పేసుకుంటుంది.

చిన్నప్పుడు బాగానే ఉండేది. పిల్లలంతా బల్లల కింద దూరి ఆడుకునేవాళ్ళు. పదేళ్ళు దాటాక ఒక్కొక్కరే తప్పుకున్నారు. గ్రూప్ ఫోటో తీసేటప్పుడు, "నువ్వు కాస్త ఆ చివరికి జరుగుతావా తల్లీ," అంటారు. కిందటేడు కొత్తగా వచ్చిన ఒకావిడైతే ఆమెని హోటల్ పనిమనిషి అనుకుని, "కాస్త మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా," అంది. లీనియా తెచ్చిపెట్టింది కూడా! ఏం చేస్తుంది పాపం?

ఆ ఏడు చివరి సాయంత్రం, డాన్సులో, గుండె చిక్కబట్టుకుని వెండెల్ దగ్గరికి తనే వెళ్ళింది. బల్లల కింద కలిసి ఆడుకున్నవాడే.

"ఒక్క పాటకి డాన్సు చేద్దామా?"

వెండెల్ చెడ్డవాడేం కాదు. ఆమెని చూశాడు, చుట్టూ చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"వద్దులే లీనియా. అందరూ మననే చూస్తారు."

ఇంకో పాట మొదలయ్యేసరికి వాడు వేరే అమ్మాయితో ఆడుతున్నాడు. లీనియా తెల్లారేదాకా హోటల్ గదిలో దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఇంట్లో అయినా హాయిగా ఉందా అంటే అదీ లేదు. రోల్ఫ్ దగ్గరుండి కట్టించిన ఇల్లది. స్విచ్చులన్నీ కిందికి. వంటగట్టు కిందికి. ప్రతి గదిలో ఒక పీట. వచ్చినవాళ్ళు, "ఎంత ముందుచూపయ్యా నీది," అని మెచ్చుకుంటారు. లీనియాకి మాత్రం ఆ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది.

"నీకింకా పద్దెనిమిది నిండలేదు," అంది డాక్టర్ బెర్గ్. "మీ నాన్న ఒప్పుకుంటే తప్ప ఏ ఆసుపత్రీ ముట్టుకోదు."

లీనియా తండ్రి వైపు తిరిగింది. "ఒప్పుకో నాన్నా. నీకు దణ్ణం పెడతాను."

"నీకేం తక్కువే?" అన్నాడు రోల్ఫ్. "బంగారంలాంటి పిల్లవి."

"నీకేం తెలుసు నాన్నా! నువ్వక్కడ అడుగు పెడితే చాలు, పదిమంది వచ్చి వాటేసుకుంటారు. నేను వారం రోజులూ గోడకి అతుక్కుని ఉంటాను. అందరిలా ఉండాలనుకోవడం కూడా తప్పేనా?"

"నొప్పి నువ్వు భరించలేవమ్మా."

"ఇంతకంటేనా?"

లీనియా పరీక్ష బల్ల దిగి నిలబడి, రెండు చేతులూ జోడించింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఇంక దాచుకోలేదు.

రోల్ఫ్ కుర్చీ అంచు పట్టుకుని కిందికి జారి, కూతురి మోచేతి దాకా మాత్రమే వచ్చే తన తలని పైకెత్తి, "నిక్షేపంలాంటి కాళ్ళు కోయించి కురచ చేయించుకుని మా అందరిలా పొట్టిదానివవుదామనుకుంటున్నావటే, పిచ్చితల్లీ!" అని బావురుమన్నాడు.